పుట్టిన ఊరి మీద బెంగ లేకపోవడం మనసులో లోపమా?

గరివిడి గేటు

చీపురుపల్లికి దగ్గరలో ఉన్న ఒక పల్లెలో పుట్టాను. పదిహేనో ఏట ఇంటర్మీడియట్ చదువు కోసం విజయనగరం వెళ్లి హాస్టల్లో చేరాను. ఆ తర్వాత మా ఊళ్లో వరుసగా నెల రోజులు గడిపింది లేదు. ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్లు. పశ్చిమ బెంగాల్లోని నదియా జిల్లాలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదికి రెండుసార్లు ఊరికి వెళ్తాను. అమ్మ మందుల ఖర్చు నేనే చూస్తాను. ఊళ్లో ఎవరితోనూ నాకు తగాదా లేదు. ఈ సంగతి మొదటే చెప్పకపోతే నా ప్రశ్నను వేరే విధంగా అర్థం చేసుకుంటారని చెబుతున్నాను.

పోయిన సంక్రాంతి తర్వాత మా పాత పెంకుటిల్లు అమ్మేశాం. అమ్మ తమ్ముడి దగ్గర గరివిడిలో ఉంటోంది కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. రిజిస్ట్రేషన్ అయ్యాక చివరిసారి చూసి వద్దామని అందరం వెళ్లాం. మా అప్ప, అంటే అక్క, గుమ్మం పట్టుకుని ఏడ్చింది. చిన్నప్పుడు మా ఎత్తు కొలిచి గోడ మీద గీసిన బొగ్గు గీతలను తమ్ముడు ఫోటో తీసుకున్నాడు. నేను వాకిట్లో నిలబడి, సాయంత్రం రైలుకు నా టికెట్ ఖాయమైందో లేదో ఫోన్లో చూసుకుంటున్నాను. బాధ దిగమింగుకుంటున్నానని వాళ్లు అనుకున్నారు. నిజానికి దిగమింగుకోవడానికి నాలో బాధ అనేదే లేదు. దారిలో అప్ప నన్ను అడిగింది: "నీకేటీ అనిపించనేదేటి?"

ఆ మాట ఇన్ని నెలలుగా నన్ను వదలడం లేదు. నేను రాతిగుండె మనిషిని కాను. మా అమ్మాయికి జ్వరం వస్తే నిద్రపోలేను, నాన్న పోయినప్పుడు నెలల తరబడి మామూలు మనిషిని కాలేకపోయాను. కానీ ఊరు అనగానే అందరికీ కలిగే ఆ తీపి నొప్పి నాకు ఎన్నడూ కలగలేదు. దీనికి మనస్తత్వ శాస్త్రంలో ఏదైనా వివరణ ఉందా? నాలాంటి వాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా?

మూడులాంతర్లు

ఉన్నారేమో గానీ, నాకు అర్థం కాని మనుషులు వాళ్లు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి పండుగలో సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టిన పొడవైన మాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే దృశ్యాన్ని నేను దుబాయ్‌లో చిన్న తెర మీద చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. కన్న ఊరిని మరచిపోవడం కన్నతల్లిని మరచిపోవడం లాంటిదేనని మా తాతగారు అనేవారు. కఠినంగా అనిపిస్తే క్షమించండి, నేను నమ్మిన మాట రాశాను.

పెద్దమాస్టారు

గరివిడి గేటు గారు మరచిపోయానని ఎక్కడా రాయలేదు. ఏడాదికి రెండుసార్లు వెళ్లే మనిషి మరచిపోయిన మనిషి ఎలా అవుతాడు? గుర్తుండటం వేరు, బెంగ పెట్టుకోవడం వేరు. నాకు డెబ్భై రెండేళ్లు. నేను పుట్టిన ఊళ్లో ఏ చెరువు గట్టున ఏ చెట్టు ఉండేదో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. కానీ అక్కడికి వెళ్లాలన్న కోరిక నాకు ఎప్పుడూ పుట్టలేదు.

నాగావళి గట్టు

శ్రీకాకుళంలో పదకొండేళ్లుగా మానసిక సలహాదారుగా పని చేస్తున్నాను. ఈ ప్రశ్నతో నేరుగా నా దగ్గరకు వచ్చినవాళ్లు తక్కువే గానీ, వేరే బాధతో వచ్చి మాటల మధ్యలో దీన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఈ బెంగను ఇంగ్లీషులో నాస్టాల్జియా అంటారు. మొదట ఆ పదం పుట్టుక చూడండి. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం గ్రీకు మాటలు రెండు కలిపి నాస్టాల్జియా అనే పేరు తయారు చేశాడు. మొదటి మాటకు ఇంటికి తిరిగి చేరుకోవడమని, రెండో మాటకు నొప్పి అని అర్థం. అతని దృష్టిలో అది జబ్బు. పరాయి రాజుల కొలువులో ఉన్న స్విస్ సైనికులకు అది పట్టుకుంటుందని, ఇంటికి పంపితే తప్ప తగ్గదని వైద్యులు చాలాకాలం రాస్తూ వచ్చారు. అంటే మూడు వందల ఏళ్ల కిందట ఊరి మీద బెంగ ఉన్నవాడిని రోగి అన్నారు. ఇప్పుడు ఆ బెంగ లేదని మీరు మీకు మీరే రోగి అని పేరు పెట్టుకుంటున్నారు.

ఈ శతాబ్దంలో ఆ అభిప్రాయం పూర్తిగా మారింది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో కాన్‌స్టంటైన్ సెడికిడెస్, టిమ్ వైల్డ్‌షుట్, వారి సహచరులు చేసిన ప్రయోగాల్లో తేలిన ఒక సంగతి మీకు పనికొస్తుంది. మనిషికి ఒంటరితనం గానీ, దిగులు గానీ కలిగినప్పుడు గతం మీదకు మనసు ఎక్కువగా వెళ్తుంది, ఆ జ్ఞాపకం వల్ల తనకూ మనుషులున్నారన్న ధైర్యం వస్తుంది. అంటే అది మనసు తనకు తాను వేసుకునే కట్టు లాంటిది. గాయం లేని చోట కట్టు లేదని బాధపడనక్కర్లేదు. మీకు మీ భార్యాబిడ్డలతో, ఉద్యోగంతో ఉన్న చోట సరిపోతూ ఉండవచ్చు.

అయితే ఇది అందరి విషయంలోనూ ఇంత తేలికగా ఉండదు. చిన్నతనంలో దగ్గరివాళ్ల మీద ఆనుకోవడం భద్రం కాదని నేర్చుకున్న పిల్లలు పెద్దయ్యాక అనుబంధాలకు కొంచెం దూరంగా నిలబడతారని మనోవైద్యుడు జాన్ బౌల్బీ అనుబంధ సిద్ధాంతం తర్వాత వచ్చిన పరిశోధన చెబుతుంది. అలాంటి స్వభావం ఉన్నవాళ్లకు పాత జ్ఞాపకాల వల్ల కలిగే ఆ ఓదార్పు తక్కువగా అందుతుంది. మీరు ఆ కోవలో ఉన్నారో లేదో నాలుగు వాక్యాలు చదివి నేను చెప్పలేను. అందుకే ఒక ప్రశ్న అడుగుతాను: మీకు ఊరి మీద కాకపోయినా, గడిచిపోయిన మరే చోటు మీదైనా బెంగ ఉందా?

కొత్తగా చేరాను

హైదరాబాద్ వచ్చి మూడు నెలలే అయింది, నాకు రోజూ బెంగే. నా దగ్గర ఉన్నదాన్ని మీరు సగం తీసుకుంటే ఇద్దరికీ సరిపోతుంది.

నాగావళి గట్టు

మీది ఇప్పుడు విడిచి వచ్చిన ఇంటి మీద బెంగ. గడిచిన కాలం మీద కలిగే బెంగ వేరు. మీది సాధారణంగా కొత్త చోట నలుగురు తెలిసిన మనుషులు ఏర్పడేసరికి తగ్గుతుంది. వంట తెలిసిన వాళ్లతో గది పంచుకోండి, త్వరగా కుదురుకుంటారు.

ఖరగ్‌పూర్ మూడోతరం

నాది మీకు పూర్తిగా వ్యతిరేకమైన వింత. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి ఆమదాలవలస దగ్గరి నుంచి వచ్చేశారు. నేను, మా నాన్న ఇద్దరం ఖరగ్‌పూర్‌లోనే పుట్టాం. నేను ఆమదాలవలసలో మొత్తం కలిపి పది రోజులు కూడా ఉండలేదు. అయినా హౌరా నుంచి మద్రాసు వైపు వెళ్లే బండి ఇచ్ఛాపురం దాటి తెలుగు బోర్డులు కనబడగానే నాకు గొంతు పట్టేస్తుంది. ఇది నా జ్ఞాపకం కాదు, తాతగారు రాత్రిళ్లు చెప్పిన కథల్లోంచి వచ్చింది. ఆయన పొందూరు ఖద్దరు పంచె ఇంకా మా ఇంట్లో ఉంది. నేను అడిగేది ఏమిటంటే, ఉండని ఊరి మీద నాకు బెంగ ఉన్నప్పుడు, ఉన్న ఊరి మీద మీకు బెంగ లేకపోవడంలో అంత ఆశ్చర్యం ఏముంది? మీ ఇంట్లో ఎవరైనా ఊరి కథలు చెప్పేవారా?

గరివిడి గేటు

చెప్పేవారు కాదు. నాన్న మాట్లాడే మనిషి కాదు, అమ్మకు పని తెమిలేది కాదు. మీ ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది.

నాగావళి గట్టు గారికి జవాబు. ఉంది. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు గనుక నేనూ ఆలోచించలేదు. విశాఖపట్నం మద్దిలపాలెంలో డిగ్రీ చదివేటప్పుడు మేడ మీద ఒక రేకుల గదిలో అద్దెకు ఉన్నాను. ఎండాకాలం అందులో పడుకోవడం సాధ్యమయ్యేది కాదు. కానీ ఆ గదికి నా చేతిలో ఒక తాళం ఉండేది. మా ఊళ్లో రెండు గదుల ఇంట్లో తొమ్మిది మందిమి. నా పుస్తకాలు బియ్యం డబ్బా మీద పెట్టుకునేవాణ్ణి. ఎవరికి బియ్యం కావలసివచ్చినా పుస్తకాలు నేల మీదకు వచ్చేవి. మద్దిలపాలెంలో మొదటి రాత్రి తలుపు వేసుకుని, ఎవరూ పిలవని నిశ్శబ్దంలో చాలాసేపు కూర్చున్నాను. ఆ మేడను పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా మా అప్ప గుమ్మం దగ్గర పడిన బాధ లాంటిదే నాకు కలుగుతుంది.

నాగావళి గట్టు

అయితే మీలో ఆ శక్తికి లోటు లేదు. అది నిలిచిన చోటు వేరు.

పెద్దవాళ్లను జీవితంలోని జ్ఞాపకాలు చెప్పమంటే, సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని పరిశోధకులు చాలా దేశాల్లో గమనించారు. మొదటి చదువు, మొదటి సంపాదన, మొదటి స్నేహం, మనం ఎవరమో మనకు తెలిసే సందర్భాలు ఆ కాలంలోనే వస్తాయి. మీరు పదిహేనో ఏటే ఊరు దాటారు. "నేను" అనే మనిషి తయారైన చోటు మీకు మద్దిలపాలెం. మా తరంలో ఇంటర్మీడియట్ హాస్టళ్లకు వెళ్లిన చాలామంది పరిస్థితి ఇదే.

మూడులాంతర్లు

నేను కూడా పదహారో ఏటే బయటకు వచ్చాను. నాకు బెంగ ఎందుకుంది మరి? వయసు లెక్కతోనే అంతా తేలదు.

నాగావళి గట్టు

తేలదు, మీరు చెప్పింది నిజం. మీ విషయంలో ఏటేటా తిరిగివచ్చే ఒక పండుగ ఉంది, అది మీ ఊరిని ప్రతి ఏడాదీ మళ్లీ మీకు కొత్తగా అప్పగిస్తోంది. పైగా చేదు జ్ఞాపకాల్లోని చేదు, తీపి జ్ఞాపకాల్లోని తీపి కంటే త్వరగా వెలిసిపోతుందన్న పరిశీలన కూడా ఉంది. దూరంగా ఉండి పండుగను మాత్రమే చూసేవాళ్లకు ఊరు మరింత మధురంగా కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు.

పేట చివర

ఇంతసేపూ అందరూ ఊరు, ఊరు అంటున్నారు. ఏ ఊరు? మాది విజయనగరం జిల్లాయే. మా ఇళ్లున్న చోటును ఊరు అనేవారు కాదు, పేట అనేవారు. "ఊళ్లోకి వెళ్లి వస్తాను" అని మా అమ్మ చెప్పి బయలుదేరేది. అంటే మేము ఊళ్లో లేమని మాకు మాటలు వచ్చినప్పటి నుంచే తెలుసు. ఊరి బావి దగ్గర మా అమ్మ బిందె పట్టుకుని, ఎవరో ఒకరు తోడి పోసేదాకా నిలబడేది. టీ దుకాణంలో మాకు గ్లాసు వేరే ఉండేది. సిరిమాను ఎదుట నాకూ ఒళ్లు గగుర్పొడుస్తుంది, అమ్మవారు నాకూ అమ్మే. కానీ చెరువు గట్టు, రావిచెట్టు, రచ్చబండ అని కవితలు వచ్చినప్పుడల్లా నేను ఆ రచ్చబండ మీద ఒక్కసారి కూడా కూర్చోలేదన్నది గుర్తుకొస్తుంది.

మూడులాంతర్లు గారూ, మీ తాతగారి మాట మీద నాకు కోపం లేదు. అయితే ఊరు తల్లి అయితే, ఆ తల్లి కొందరు బిడ్డలను గుమ్మం బయట కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నాకు బెంగ లేకపోవడానికి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు. నాకు కావలసిన జవాబు వేరొకటి: అంత జరిగినా, మా పేటలో సాయంత్రం పూట డప్పు వేడి చేసే మంట దగ్గరి వెచ్చదనం మాత్రం ఎందుకు గుర్తొచ్చి గుండె పట్టేస్తుంది?

సాలూరు ఆడపడుచు

పేట చివర గారు రాసింది మూడుసార్లు చదివాను. ఆ మంట దగ్గర మీరు ఎవరి అనుమతీ లేకుండా కూర్చున్నారు కాబట్టే అనిపిస్తోంది నాకు.

మూడులాంతర్లు

పేట చివర గారూ, నేను ఊరు అన్నప్పుడు నా కళ్ల ముందు మా వీధి ఒక్కటే ఉంది. ఇన్నేళ్లలో నాకు ఆ ఆలోచనే రాలేదు. కన్నతల్లి పోలికను వెనక్కి తీసుకుంటున్నాను.

రాజాం జంక్షన్

నాది చిన్న విషయం. చిన్నప్పటి నుంచి ఎవరడిగినా మాది శ్రీకాకుళం జిల్లా అని చెప్పుకున్నాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు మా రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు, అయినా నాకు చాలా రోజులు ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. ఊరి మీద ప్రేమ కంటే ఊరి పేరు మీద ప్రేమే నాలో ఎక్కువ ఉందని అప్పుడు తెలిసింది.

వంశధార అడుగున

హిరమండలం జలాశయం కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో మాది ఒకటి. నాకు ఊరి మీద బెంగ ఉందా అని అడగక్కర్లేదు. కలలో నేను నడిచే ప్రతి వీధీ అదే. కానీ గరివిడి గేటు గారి మీద నాకు కోపం రాలేదు. ఊరు ఉన్నప్పుడు నేనూ ఆయనలాగే ఉండేవాణ్ణి. పార్వతీపురంలో చదువుకుంటూ, సెలవులకు కూడా ఊరికి రమ్మంటే విసుక్కునేవాణ్ణి. వెళ్లాలంటే ఎప్పుడైనా వెళ్లవచ్చు కదా అన్న ధీమా అది. ఆ దారి మూసుకుపోయాకే నాకు బెంగ పుట్టింది.

గరివిడి గేటు గారికి బండి ఎక్కితే తెల్లారేసరికి ఊరు వస్తుంది. ఇల్లు అమ్మినా వీధి ఉంది. ఆయనకు ఇంకా దేన్నీ పోగొట్టుకున్న అనుభవం రాలేదని నా అభిప్రాయం. వచ్చిన రోజున ఆయన ఇలా రాయరు.

పెద్దమాస్టారు

ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. "వయసు వస్తే వస్తుంది", "పోతే తెలుస్తుంది" అన్న మాటలు నేను నలభై ఏళ్లుగా వింటున్నాను. మా ఇల్లు పోయింది, మా వాళ్లు పోయారు, మా చెరువు పూడ్చి వీధులు వేశారు. నాకు బెంగ రాలేదు. వస్తుందని ఎదురుచూడటమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీ బాధ నిజం, దాని ముందు నేను తల వంచుతాను, కానీ దానితో మరొకరి మనసును కొలవకండి.

వంశధార అడుగున

కొలవాలని రాయలేదు మాస్టారూ. నా దగ్గర ఉన్న కొలబద్ద అదొక్కటే.

ఉద్దానం కొబ్బరి

నేను ఊరు వదలలేదు, అయినా నాకు ఊరి మీద బెంగ ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలో కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. మా తాత నాటిన చెట్లు అవి. తెల్లారి బయటకు వస్తే మా ఇంటి నుంచి పక్క ఊరి గుడి గోపురం కనిపించింది. అంతకు ముందు నా జీవితంలో ఎప్పుడూ కనిపించలేదు, అంత దట్టంగా ఉండేది తోట. అదే మంచం, అదే అరుగు, కానీ నేను పుట్టిన ఉద్దానం కాదు అది. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపు మీదకు వస్తున్నాయి.

మా అన్న చెన్నైలో ఉంటాడు. అతనికి బెంగ లేదు. అతని లోపల తోట ఇంకా పడిపోలేదని నేను అనుకుంటాను.

నాగావళి గట్టు

మీరు చెప్పినదానికి ఒక పేరు ఉంది. ఆస్ట్రేలియాలో హంటర్ లోయ బొగ్గు గనుల వల్ల రూపు మారిపోయిన చోట, ఇల్లు వదలకుండానే ఇల్లు కోల్పోయినట్టు బాధపడిన మనుషులను చూసి గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ అనే తత్వవేత్త దానికి సోలస్టాల్జియా అని పేరు పెట్టాడు. పేరు తెలిసినంత మాత్రాన తగ్గదు, కానీ అది మీ ఒక్కరి పిచ్చి కాదని తెలుస్తుంది.

సాలూరు ఆడపడుచు

నేను వేరే మాట అడగాలి. ఇంతమంది మగవాళ్లు ఊరి మీద బెంగ ఉందా, లేదా అని వాదించుకుంటున్నారు. ఆడపిల్లను ఈ ప్రశ్న ఎవరు అడుగుతారు? పెళ్లైన మర్నాడు ఊరు మారిపోతుంది, నెలలోపు ఆ ఇంటి వంట రుచి నాలుక మీదకు రావాలి. కన్నవారి ఊరి మీద బెంగ పెట్టుకుంటే "ఇంకా ఇక్కడ కుదురుకోలేదు" అంటారు, బెంగ లేకపోతే "కన్నవాళ్ల మీద మమకారం లేదు" అంటారు. మా అమ్మ ఉన్నంతకాలం సాలూరు వెళ్లాలని ప్రాణం కొట్టుకునేది. ఆమె పోయిన ఏడాది నుంచి ఆ ఊరి బస్సు ఎదురుగా ఆగినా నాకు ఏమీ కాదు. అప్పుడు నాకు తెలిసింది, నేను ఇన్నాళ్లూ ఊరు అనుకున్నది మా అమ్మను. ఊరికి నా దగ్గర వేరే గది లేదు.

ఖరగ్‌పూర్ మూడోతరం

గరివిడి గేటు గారూ, మీరు నదియాలో ఉన్నానన్నారు. వర్షాకాలం మీ చుట్టూ జనుము ఊరవేస్తారు కదా. మీ చీపురుపల్లి వైపు గోగు ఊరవేస్తారని తాతగారు చెప్పేవారు. ఆ వాసన మీకు ఏమీ చేయదా?

గరివిడి గేటు

ఈ ప్రశ్నకు జవాబు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

చేస్తుంది. నేను ఇక్కడికి బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది, ఆగస్టులో ఒక రైతు అప్పు విషయమై పొలం చూడటానికి వెళ్లాను. దారి పక్క గుంటలో జనుపకట్టలు ఊరవేసి, పైన అరటి బోదెలు బరువు పెట్టారు. ఆ కుళ్లు వాసన ముక్కుకు తగలగానే మోటారు సైకిల్ ఆపేశాను. మా నాన్న చెరువులో మొలలోతు నీళ్లలో నిలబడి గోగు నార తీసేవాడు. రోజంతా నానిన ఆయన వేళ్లు తెల్లగా, ముడతలు పడి, చచ్చినవాళ్ల వేళ్లలా ఉండేవి. ఆ వేళ్లతోనే రాత్రి నాకు అన్నం కలిపి పెట్టేవాడు, ఎంత కడుక్కున్నా ఆ వాసన పోయేది కాదు, నేను ముఖం తిప్పుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ల తర్వాత బెంగాల్లో ఒక గుంట పక్కన నిలబడి ఏడ్చాను.

కానీ నేను నిజాయితీగా చెప్పవలసింది ఏమిటంటే, ఆ ఏడుపులో ఊరు లేదు. మా ఊరికి వెళ్లాలని అనిపించలేదు. ఆ చెరువు చూడాలని అనిపించలేదు. ఒక్కసారి ముఖం తిప్పుకోకుండా ఆ ముద్ద తినాలని మాత్రమే అనిపించింది.

మూడులాంతర్లు

ఇంకా మీకు బెంగ లేదంటారా? ఇదే బెంగ.

పెద్దమాస్టారు

ఇది బెంగ కాదు, తండ్రి. రెండింటినీ కలపకండి.

నాగావళి గట్టు

వాసన మిగిలిన ఇంద్రియాల మాదిరిగా చుట్టు తిరిగి రాదు. ముక్కు నుంచి వచ్చే సంకేతం భావోద్వేగాలతో, జ్ఞాపకాలతో పని చేసే మెదడు భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరుతుంది. అందుకే మాటలు, ఫోటోలు కదిలించలేనిది ఒక వాసన ఒక్క క్షణంలో కదిలిస్తుంది. మీకు ఇంటి గుమ్మం ముందు ఏమీ కాకపోవడం, గుంట పక్కన అంత కావడం రెండూ ఒకే మనసులో ఉండవచ్చు. మూడులాంతర్లు గారు, మాస్టారు గారు చెప్పినవాటిలో ఏది సరైనదో తేల్చే పరీక్ష నా శాస్త్రంలో లేదు. మీ పదం మీరే ఎంచుకోవాలి.

ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం రాయాలి. ఊరి మీదే కాకుండా పిల్లల మీద, తిండి మీద, ఇష్టమైన పని మీద కూడా ఏమీ అనిపించకపోవడం వారాల తరబడి ఉంటే, నిద్ర చెడిపోతే, అది ఈ చర్చలోని విషయం కాదు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. గరివిడి గేటు గారి మాటల్లో నాకు ఆ లక్షణాలు కనిపించలేదు.

పేట చివర

తెల్లగా నానిన వేళ్ల గురించి చదివాక నేను మా అమ్మకు ఫోన్ చేశాను. అంతే రాయగలను.

సాలూరు ఆడపడుచు

గరివిడి గేటు గారూ, మీ అప్ప అడిగిన ప్రశ్న ఇంత దూరం తీసుకొచ్చింది. మీ అమ్మగారిని ఎప్పుడైనా ఇదే అడిగారా? ఆమె కూడా ఒక ఊరు వదిలి వచ్చిన మనిషే కదా.

గరివిడి గేటు

అడగలేదు. ఈ ఆదివారం ఫోన్లో అడుగుతాను.

గరివిడి గేటు

అడిగాను. మామూలుగా మా ఫోన్ సంభాషణ మందులు, వాన, తమ్ముడి పిల్లల చదువుతో నాలుగు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఈసారి ముందుగా ఇల్లు అమ్మినప్పుడు నాకు ఏమీ అనిపించలేదని ఆమెకే చెప్పేశాను. తిడుతుందని అనుకున్నాను. "అదేటి పెద్ద సంగతి బాబూ, నాకూ అనిపించనేదు" అంది. ఆ ఇంట్లో యాభై ఏళ్లు వంట చేసిన మనిషి ఆమె. అప్ప ఏడుస్తుంటే తానూ కళ్లు తుడుచుకున్నానని, నలుగురిలో బాగుండదని అలా చేశానని చెప్పింది.

అప్పుడు కన్నవారి ఊరి సంగతి అడిగాను. ఆమెది బొబ్బిలి దగ్గర ఒక పల్లె. పద్నాలుగో ఏట పెళ్లై మా ఊరు వచ్చింది. "బెంగ ఉండేదా అమ్మా?" అంటే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమోనని రెండుసార్లు పిలిచాను. తర్వాత అంది: "ఆ మాట నన్ను ఇన్నాళ్లకీ ఎవులూ అడగనేదు."

నలభై నిమిషాలు మాట్లాడింది. వాళ్ల ఇంటి వెనక పనసచెట్టు, వేసవిలో చోడి అంబలి కుండ, తనతో గవ్వలాడిన ఇద్దరు ఆడపిల్లల పేర్లు. వాళ్లలో ఒకామె సాలూరు వైపు కోడలిగా వెళ్లిందట, ఆ తర్వాత ఏమైందో తెలియదట. నేను పుట్టాక ఈ పేర్లలో ఒక్కటీ విన్న గుర్తు లేదు.

దసరాకు వచ్చినప్పుడు ఆ ఊరు తీసుకెళ్తాను అన్నాను. "ఇప్పుడక్కడ ఎవులున్నారు బాబూ" అంది. వద్దని మాత్రం అనలేదు.

సాలూరు ఆడపడుచు

ఆ పల్లె పేరు, సాలూరు వచ్చిన ఆమె ఇంటిపేరు నాకు విడిగా పంపండి. మా వైపు కోడళ్లుగా వచ్చిన పెద్దవాళ్లను మా వదిన చాలామందిని ఎరుగును.

గరివిడి గేటు

పేరు అమ్మకు తెలుసు. ఇంటిపేరు అడిగి రేపు పంపుతాను.